గాస్ చిత్రములలో కనిపించని నీరు

సముద్రజీవులను ఇంటిలోని గాజుతొట్టిలో పెంచవచ్చునని లోకమునకు నచ్చజెప్పిన గ్రంథములలో ఫిలిప్ హెన్రీ గాస్ రచించిన ‘ది అక్వేరియం’ ముఖ్యమైనది. ఇది 1854లో ఇంగ్లండులో వెలువడినది. 1858 మొదలు 1860 వరకు భాగములుగా వచ్చిన ఆయన మరొక గ్రంథము ‘ఆక్టినొలోజియా బ్రిటానికా’ కేవలము సీ ఎనిమోనులను, పగడములను గురించినది. సీ ఎనిమోనును మనము సముద్రపుష్పమనవచ్చును. పేరుకు పుష్పమే కాని, అది మన విద్యార్థులు చదువుకొను హైడ్రాకు చుట్టమైన జంతువు. గాస్ గ్రంథములు మెచ్చదగినవే. అయినను వాటి ద్వారా ప్రచారము పొందిన ఒక భావములో పెద్ద కొరత ఉన్నది. ఆ కొరతకు వెల చెల్లించినవి ఆ జంతువులే.

ముందుగా చిత్రములను చూడుడు. గాస్ స్వయముగా చిత్రకారుడు. ఆయన దించిన వర్ణచిత్రములలోని స్పర్శకముల తీరు, రంగుల మేళవింపు నేటికిని కన్నులకు విందే. కాని ఒక్కొక్క పటములో పలు జాతులు ఒకే రాతిపై, పూలగుత్తిలో పూలవలె, అమర్చబడి ఉన్నవి. అలలు విరుచుకుపడు చోట బ్రతుకునది, లోతున నెమ్మదియైన ప్రవాహములో బ్రతుకునది పక్కపక్కనే నిలిచినవి. చిత్రములో అన్నియు ఉన్నవి, నీటి కదలిక ఒక్కటి తప్ప. అది చిత్రకారుని తప్పని నేననను. కదలికను కాగితముపై పెట్టుట కష్టము. చిక్కు ఏమనగా, ఆ చిత్రమును చూచి తొట్టి కట్టిన పాఠకుడు ఆ నిశ్చలత్వమునే ఆదర్శముగా తీసుకొనును.

దీనికి శాస్త్రబలము కూడ తోడైనది. 1850లో రాబర్ట్ వారింగ్టన్ అను రసాయన శాస్త్రవేత్త జంతువులు, మొక్కలు ఒకదానినొకటి పోషించుకొను తొట్టిని గురించి తెలిపెను. మొక్క ప్రాణవాయువునిచ్చును, జంతువు బొగ్గుపులుసు వాయువునిచ్చును, నీరు మార్చనక్కరలేదు. గాస్ ఈ సమతౌల్య భావమునే సముద్రపు నీటికి వర్తింపజేసెను. రసాయనము సరియైనదే. కాని తొట్టిలో ప్రాణవాయువు ఉండుట వేరు, అది జంతువును చేరుట వేరు. సముద్రపుష్పమునకు మొప్పలు లేవు, గుండె లేదు, రక్తము లేదు. వాయువు చర్మము గుండా విసరణముచేతనే లోనికి పోవలెను. జంతువు ఒంటిని అంటిపెట్టుకొని కదలని నీటిపొర ఒకటి ఉండును. ఆ పొరలోని ప్రాణవాయువు ఖర్చయినకొలది వెలుపలినుండి మెల్లగా చేరవలసినదే. ప్రవాహము ఆ పొరను పలుచన చేయును. ప్రవాహమును బట్టి ఈ జీవుల శ్వాసక్రియ మారునని ప్యాటర్సన్, సెబెన్స్ 1989లో ప్రయోగపూర్వకముగా చూపిరి.

గాస్ కాలమున ఇది ఎవరికిని తోచలేదా? తోచినది. ఆనా థిన్ అను గృహిణి 1846లో టార్కీ నుండి పగడజీవులను లండనుకు తెచ్చి, పనిమనిషిచేత సముద్రపు నీటిని కిటికీ ఎదుట ఒక పాత్రనుండి మరొక పాత్రలోనికి పోయించుచు వాటిని బ్రతికించెను. ఆమె వ్యాసము 1859లో అచ్చయినప్పుడు దానికి టిప్పణులు వ్రాసినది గాసే! పాపము, ఆ పనిమనిషి చేతులు చేసిన పనికి సిద్ధాంతములో చోటు దక్కలేదు.

ఒక ఆక్షేపణ రావచ్చును. సర్ జాన్ డాలియెల్ 1828లో స్కాట్లండు తీరమున పట్టిన సముద్రపుష్పము ‘గ్రానీ’ అను పేరుతో, పంపు ఏదియు లేకయే, 1887 వరకు గాజుపాత్రలో జీవించినది కదా? నిజమే. కాని అది పోటుపాటుల నడుమ, నీరు తీసిన రాళ్ళపై సైతము ఓర్చుకొను జాతికి చెందినది. పైగా దాని నీరు తరచు మార్చుచుండిరి. ఒక గట్టి ప్రాణిని చూచి అన్నిటికిని సూత్రము కట్టరాదు.

జాతికొక నీరు అను సంగతిని 1977లో మిమి కోల్ చక్కగా నిరూపించెను. ఆమె పరిశీలించిన రెండు జాతులలో మెట్రిడియం పొడవైనది. ప్రవాహము తగిలినప్పుడు కాడ వంగి, కుచ్చువంటి తల జల్లెడవలె నిలిచి సూక్ష్మజీవులను పట్టును. ఆంథోప్లూరా పొట్టిది, వెడల్పైనది. అలలు కొట్టు చీలికలలో నేలను అంటి, వేగము తక్కువైన అడుగు నీటిలో ఉండి, అలలకు ఊడిపడిన ఆలుచిప్పలను తినును. వీటిని ఒకే రాతిపై గీయుట సులువు. ఒకే తొట్టిలో పెంచుట మాత్రము కాదు.

నేటి తొట్టి పెంపకపు పుస్తకములు ఎదురు తప్పు చేయుచున్నవి. ‘గంటకు తొట్టి నీటికి 20 రెట్లు తిప్పుము’ అని చెప్పి ఊరకుండును. లెక్క వేసి చూతము. 75 సెంటీమీటర్ల పొడవు, 50 వెడల్పు, 40 లోతు గల తొట్టిలో 150 లీటర్లు పట్టును. 20 రెట్లనగా గంటకు 3000 లీటర్లు, అనగా సెకనుకు 833 ఘనసెంటీమీటర్లు. ఆ నీరు 2 సెంటీమీటర్ల వ్యాసము గల మూతినుండి వచ్చినచో వేగము సెకనుకు 265 సెంటీమీటర్లు. 4 సెంటీమీటర్ల మూతినుండి వచ్చినచో 66. తొట్టి అడ్డుకోత అంతట సమముగా పరచుకొన్నచో అర సెంటీమీటరైనను లేదు. మూడింటను ‘20 రెట్లే’! వేగము నాలుగింతలైన, ఒరపిడి బలము సుమారు పదహారింతలగును. విద్యార్థులచేత ఈ లెక్క చేయించుట మంచిది.

పగడపు తొట్లలో తరచు పెంచు బుడగమొనల సముద్రపుష్పమునకు సూటిధార పనికిరాదు. ధారను గాజుకో రాతికో తగిలించి చెదరగొట్టవలెను. దిశ అప్పుడప్పుడు మారవలెను. స్పర్శకములు తీరికగా ఊగుచుండిన సరిపోయినట్లే. ఒకవైపునకే అణగి ఉన్న, ముడుచుకొన్న, ధార ఎక్కువైనదేమోనని చూడవలెను. నచ్చని చోటును అది పాదముపై జరిగి విడుచును. ఆ ప్రయాణములో పంపు మూతిలో పడి ముక్కలగుట కలదు. కనుక మూతికి స్పాంజి తొడుగు తప్పదు.

సముద్రములో ఈ పనికి మరొక సహాయకుడున్నాడు. సముద్రపుష్పముల నడుమ కాపురముండు విదూషక చేప, రాత్రివేళ రెక్కలు ఆడించుచు, మెలికలు తిరుగుచు ఆతిథేయికి ప్రాణవాయువు అందునట్లు చేయునని 2013లో ప్రకటితమైన పరిశోధన తెలిపినది. సముద్రపుష్పముల పక్కన చేపను కూడ గీసిన చిత్రకారులు ఎందరో. అది వాటికి విసనకర్ర వీచుచున్నదని ఎరిగి గీసినవారు ఎందరు?