మోయాబు శరణార్థులు, మోయాబు రాజ్యం: గుత్తికోయల విషయంలో మన ప్రసంగాలపై ఒక విమర్శ

బస్తరు నుండి తరలివచ్చిన గుత్తికోయలకు సంఘం చేయూతనివ్వడం ఏ మేరకు వాక్యానుసారం? అరకు, పాడేరు కొండల నుండి చింతూరు, భద్రాచలం అడవుల వరకు సేవ చేసే కాపరులకు ఇది కొత్త ప్రశ్న కాదు. మన వేదికలపై దీనికి సాధారణంగా రెండు జవాబులు వినిపిస్తాయి. మోయాబీయుల క్షేమాన్ని వెదకవద్దని ద్వితీయోపదేశకాండము 23:6 చెబుతోంది కనుక, ‘అన్నల’ రాజ్యం నుండి వచ్చినవారిని చేరదీస్తే ఆ రాజ్యాన్ని సమర్థించినట్లేనన్నది మొదటిది. రూతువలె తన పాత జనాన్ని విడిచానని ఒప్పుకున్నవారిని మాత్రమే చేర్చుకోవచ్చునన్నది రెండవది. రెండూ లేఖనాన్ని సగంలో ఆపి చదువుతున్నాయని మా అభిప్రాయం.

ముందు ‘వారి ప్రభుత్వం’ ఏదో తేల్చుకోవాలి. 2005 జూన్‌లో అప్పటి దంతెవాడ జిల్లాలో సల్వాజుడుం ఆరంభమైంది. కాంగ్రెసు నాయకుడు మహేంద్ర కర్మ దానికి ముందు నిలిచాడు, అధికారంలో ఉన్న భాజపా ప్రభుత్వం అండగా నిలిచింది. వందలాది గ్రామాలు ఖాళీ అయ్యాయి. కొందరిని దారి పక్కన శిబిరాలకు తరలించారు. వేలాదిమంది సరిహద్దు దాటి నాటి ఖమ్మం జిల్లా అడవుల్లోకి వచ్చారు. ఇంట్లో గోండి మాట్లాడే ఈ మురియలకు ‘గుత్తికోయ’ అన్నది ఇక్కడివారు పెట్టిన పేరు. ఆదివాసీ యువకులకు ఆయుధాలిచ్చి ప్రత్యేక పోలీసు అధికారులుగా నియమించడం రాజ్యాంగ విరుద్ధమని 2011 జూలై 5న సుప్రీంకోర్టు న్యాయమూర్తులు బి. సుదర్శన్‌రెడ్డి, ఎస్.ఎస్. నిజ్జర్ తీర్పు చెప్పారు. అప్పటికి అలాంటి వారు 6,500 మంది, నెలకు గౌరవ వేతనం 3,000 రూపాయలు. ఇది ఒక రాజ్యం. అడవి లోపల మావోయిస్టులు నడిపిన ‘జనతన సర్కార్’ మరొకటి. అదీ తీర్పులు తీర్చింది, ఇన్ఫార్మర్లని ముద్రవేసి చంపింది. గుత్తికోయ ఈ రెండింటి నడుమ నుండి బయటపడినవాడు. అతణ్ణి ఏ ప్రభుత్వపు ప్రతినిధిగా ఎంచుతాము?

ఇక వాక్యభాగం. 23:6లో క్షేమము, మేలు అని అనువదించిన ‘షాలోం’, ‘తోబా’ అనే హెబ్రీ మాటలు ప్రాచీన సంధి పత్రాల పరిభాష అని పండితులు గుర్తించారు. అంటే ఇక్కడ నిషేధం రాజ్యంతో పొత్తుకు. అదే అధ్యాయంలో 15, 16 వచనాలు చూడండి. యజమాని నుండి పారిపోయి వచ్చిన దాసుణ్ణి అప్పగించకూడదు, అతడు తాను కోరుకున్న చోట మీ మధ్య నివసించాలి. హమ్మురాబి శాసనాల్లో 16వది పారిపోయిన దాసునికి ఆశ్రయమిచ్చినవానికి మరణదండన విధించింది. సిరియాలో దొరికిన సెఫీరే సంధి శాసనం పారిపోయి వచ్చినవారిని తిరిగి అప్పగించాలని షరతు పెట్టింది. పొరుగు రాజుతో సంధి చేసుకున్నవాడికి శరణార్థిని అప్పగించే బాధ్యత వస్తుంది, పొత్తు లేనివాడు ధైర్యంగా ఆశ్రయమివ్వగలడు. మన ప్రసంగీకులు తలుపు మూయడానికి ఎత్తిన వచనం ఈ వెలుగులో తలుపు తెరవడానికే పనికివస్తుందని మాకు తోస్తుంది. యిర్మీయా 29:7 బబులోను క్షేమాన్ని వెదకమంది కదా అని ఎవరైనా అడగవచ్చు. అది చెరలో ఉన్నవారు తాము నివసించే పట్టణం కోసం చేయవలసిన పని, స్వతంత్ర రాజ్యం చేసుకునే సంధి కాదు.

రూతు విషయానికి వస్తే, ఆమె ఒప్పుకోలు దారిలో నయోమితో పలికినది. పొలంలోకి ప్రవేశ రుసుముగా ఆమె దాన్ని ఎవరికీ చెల్లించలేదు. బోయజు రాకముందే ఆమె పరిగె ఏరుకుంటోంది (2:3). ఇంకొక సంగతి మన తెలుగు పాఠకులకు కనబడదు. పరిగె హక్కు ధర్మశాస్త్రంలో ‘గేర్’కు, అంటే స్థిరపడిన పరవాసికి ఉంది. రూతు 2:10లో తనను తాను ‘నొఖ్రియా’ అంటుంది, అంటే ఆ హక్కు లేని అన్యదేశస్థురాలు. మన పాత అనువాదం రెంటికీ ‘పరదేశి’ అనే మాటనే వాడింది. తేడా చిన్నదేమీ కాదు. కోయ అనే పేరు షెడ్యూల్డు తెగల జాబితాలో ఉన్నా, పొరుగు రాష్ట్రం నుండి వచ్చారన్న కారణంగా గుత్తికోయలకు ఇక్కడ ఆ గుర్తింపు దక్కలేదు. అటవీ హక్కుల చట్టం 2005 డిసెంబరు 13 నాటికి సాగులో ఉన్న భూమికే వర్తిస్తుంది. ఆ తేదీ తరువాత అడవి దాటినవాడు ‘నొఖ్రి’యే.

స్థానిక కోయల, కొండరెడ్ల ఆందోళనను తేలికగా తీసివేయకూడదు. అడవి నరుకుడు నిజం, భూమిపై ఒత్తిడి నిజం. 2022 నవంబరులో భద్రాద్రి కొత్తగూడెం జిల్లా బెండాలపాడు వద్ద ఒక అటవీ రేంజి అధికారిని గుత్తికోయలు చంపారు. నేరస్థులకు న్యాయస్థానం జీవితఖైదు విధించింది. హత్యను హత్య అనే చెప్పాలి, మృతుని కుటుంబంతో దుఃఖించాలి. అయితే ఆ వెంటనే గ్రామసభ తీర్మానించినది గుత్తికోయలందరినీ వెళ్లగొట్టాలని! ఇద్దరి నేరం జాతి నేరమైపోయింది.

యెషయా 16వ అధ్యాయం ఇక్కడ మనకు దారి చూపిస్తుంది. నాలుగో వచనంలో మసోరెతు అచ్చుల ప్రకారం చదివితే ‘నా వెలివేయబడినవారు, మోయాబూ’ అని వస్తుంది. గ్రీకు, సిరియా అనువాదాల్లో ‘మోయాబు వెలివేయబడినవారు’ అని ఉంది. హెబ్రీ హల్లులు మారవు, అచ్చు గుర్తులే మారతాయి. మూడవ వచనంలోని విన్నపం ఆశ్రయం కోరేవారిదే కనుక రెండవ పాఠమే సందర్భానికి తగును. ఆరో వచనం మోయాబు గర్వాన్ని నిర్మొహమాటంగా ఖండిస్తుంది. తొమ్మిది, పదకొండు వచనాల్లో ప్రవక్త మోయాబు కోసం ఏడుస్తాడు. ఆశ్రయం, ఖండన, కన్నీరు ఒకే దేవోక్తిలో ఉన్నాయి. ఏ ఒక్కటి మిగిలిన రెంటిని రద్దు చేయదు.

అరకు కొండల విశ్వాసులకు ఇది మనం బోధించనక్కరలేదేమో. 2007లో వాకపల్లిలో 11 మంది కోందు స్త్రీలు గ్రేహౌండ్స్ పోలీసులపై అత్యాచార ఆరోపణ చేశారు. 2023లో నిందితులు విడుదలయ్యారు, దర్యాప్తు లోపాన్ని ఎత్తిచూపిన న్యాయస్థానం బాధితులకు పరిహారం ఇమ్మంది. 2018 సెప్టెంబరు 23న డుంబ్రిగుడ మండలం లివిటిపుట్టులో మావోయిస్టులు శాసనసభ్యుడు కిడారి సర్వేశ్వరరావును, మాజీ శాసనసభ్యుడు సివేరి సోమను కాల్చి చంపారు. ఇద్దరూ గిరిజనులే. ఒకదాన్ని మాత్రమే తలచే ప్రసంగం ఆ కొండల్లో సగం మందికి పరాయిది.

కాపరి చేయగలిగినది పెద్ద ప్రకటన కాదు. గర్భిణిని ఆసుపత్రికి చేర్చడం, పిల్లల్ని బడిలో వేయించడం, తహసీల్దారు కార్యాలయంలో పక్కన నిలబడడం, ఇచ్చినది బహిరంగంగా ఇచ్చి లెక్క రాసుకోవడం. బియ్యం ఇచ్చేముందు ‘నువ్వు ఎవరి వైపు?’ అని అడగకపోవడం కూడా.

2025 మే 21న నంబాళ్ల కేశవరావు, నవంబరు 18న మారేడుమిల్లి అడవుల్లో మడవి హిడ్మా మరణించారు. జనతన సర్కార్ పోయింది, ఇక వీరు తిరిగి వెళ్లవచ్చు కదా అనేవారికి 23:16లోని ఒక మాట అడ్డు నిలుస్తుంది. ఎక్కడ నివసించాలో కోరుకునే అధికారం అక్కడ పారిపోయి వచ్చినవానికే ఇవ్వబడింది.