ఆగడం తెలిసిన గొట్టం

కిటికీకి అడ్డంగా ఒక గొట్టం, దానికి చుట్టిన గుడ్డ. రోలర్ బ్లైండ్‌లో పైకి కనిపించేది అంతే. దీన్ని మెచ్చుకుంటూ వ్యాసం రాయడానికేముంది అనిపిస్తుంది. తెరను పైకీ కిందికీ నడపడం నిజంగానే గొప్ప సంగతి కాదు, తాడూ కప్పీ ఉంటే చాలు. కానీ చెయ్యి తీసేశాక ఆ గుడ్డ కిందికి జారదు, పైకి ఎగరదు. వదిలిన చోటే నిలుస్తుంది. పనితనమంతా ఆ నిలవడంలో ఉంది. మన వరండాల్లో వెదురు తడికను చేత్తో చుట్టి, తాడుతో ముడివేసి ఆపుతాం. ఆ ముడి వేసే పనిని మనిషి చేతినుంచి తీసుకుని గొట్టం లోపల దాచడానికి నూట అరవై ఏళ్లుగా ఇంజినీర్లు పడుతున్న పాట్లు చూస్తే ముచ్చటేస్తుంది.

అందులో మొదట చెప్పుకోవలసినవాడు స్టీవర్ట్ హార్ట్‌షార్న్. 1864లో, పాతికేళ్లు కూడా నిండకుండానే, స్ప్రింగు రోలరుకు అమెరికాలో పేటెంటు పొందాడు. దాని మీద ఎంత సంపాదించాడంటే, 1877లో న్యూజెర్సీలో స్థలాలు కొని షార్ట్ హిల్స్ అనే ఊరినే కట్టించాడు.

ఆ రోలరును విప్పి చూద్దాం. బోలు గొట్టం లోపల పొడవాటి సన్నని స్ప్రింగు. దాని ఒక కొస గొట్టానికి, రెండో కొస గొట్టం చివర బయటికి పొడుచుకొచ్చిన చప్పిడి ముక్కుకు బిగించి ఉంటాయి. ఆ ముక్కు బ్రాకెట్ గాడిలో కూర్చుంటుంది కాబట్టి తిరగదు. అవతలి చివర గుండ్రటి మేకు మాత్రం హాయిగా తిరుగుతుంది. తెరను లాగితే గొట్టం తిరుగుతుంది, ముక్కు తిరగదు, మధ్యలో స్ప్రింగు మెలి తిరుగుతుంది. 28 మిల్లీమీటర్ల గొట్టం మీద 0.4 మిల్లీమీటర్ల మందం గుడ్డ 1.8 మీటర్లు చుట్టాలంటే సుమారు 17 చుట్లు పడతాయి. స్ప్రింగు అన్ని మెలికలూ తట్టుకోవాలి. గొట్టంలో పొడుగునా పరిచి అంత తీగ వాడేది అందుకే. తీగ ఎంత పొడవుంటే ఒక్కో మెలికకు దాని మీద పడే ఒత్తిడి అంత తక్కువ.

ఇక్కడివరకు ఎవరికైనా తట్టవచ్చు. ఆపడం ఎలా? ముక్కు దగ్గర గాళ్లు పెట్టిన చిన్న చక్రం ఉంటుంది, అది కదలదు. గొట్టం మూతకు వదులుగా వేలాడే ఇనప కొక్కెం ఉంటుంది, అది గొట్టంతో పాటు తిరుగుతుంది. తెరను కిందికి లాగేటప్పుడు గాళ్ల వాలు మీదుగా కొక్కెం జారిపోతుంది. లాగడం ఆపి మెల్లగా వదిలితే, పైకి వచ్చిన కొక్కెం తన బరువుకే గాడిలో పడి చిక్కుకుంటుంది. తెర నిలిచిపోతుంది. ఇక పైకి పంపాలంటే కొద్దిగా కిందికి లాగి చటుక్కున వదలాలి. అప్పుడు గొట్టం జోరుగా తిరుగుతుంది, ఆ జోరుకు కొక్కెం బయటివైపుకే విసిరినట్టయి గాడిలో పడదు. అంటే మీట లేదు, మర లేదు. మెల్లగా వదిలితే 'ఆగు', గబుక్కున వదిలితే 'పో'. మనిషి చేతి వేగమే యంత్రానికి ఆజ్ఞ. ఇంత తక్కువ సామానుతో ఇంత తెలివిని పలికించిన యంత్రాలు ఇళ్లలో ఎక్కువ లేవు.

మరమ్మతు కూడా అంత సులువే. స్ప్రింగు నీరసించిందా? తెరను సగం దింపి, గొట్టాన్ని బ్రాకెట్లలోంచి తీసి, గుడ్డను చేత్తో చుట్టి మళ్లీ పెట్టేస్తే అన్ని మెలికలు అదనంగా ఎక్కినట్టే. పనిముట్టు అక్కర్లేదు.

స్ప్రింగుకు మరో గుణం ఉంది. తెర దిగేకొద్దీ వేలాడే గుడ్డ బరువు పెరుగుతుంది. అదే సమయంలో మెలికలు పెరిగి స్ప్రింగు బలమూ పెరుగుతుంది. రెండూ దాదాపు జతగా నడుస్తాయి. మన బజారుల్లో దుకాణం షట్టరును ఒక్క మనిషి ఎత్తగలగడానికి కారణం ఇదే లెక్క: పైన ఇరుసు మీది స్ప్రింగులు షట్టరు దించేటప్పుడు బిగుసుకుని, ఎత్తేటప్పుడు ఆ బాకీ తీరుస్తాయి.

హార్ట్‌షార్న్ రోలరుకు లోపాలు లేకపోలేదు. గాడి ఉన్నచోటే ఆగుతుంది, మధ్యలో ఆగదు. చెయ్యి జారితే తెర టపటపా కొట్టుకుంటూ పైకి పోతుంది. ఇప్పుడు ఆఫీసుల్లో కనిపించే పూసల గొలుసు బ్లైండ్లలో ఈ రెండూ ఉండవు. వాటి లోపలి క్లచ్ నాకు హార్ట్‌షార్న్ కొక్కెం కంటే కూడా నచ్చుతుంది. బ్రాకెట్‌కి బిగించిన కదలని దిమ్మ, దాని మీద దిమ్మకంటే వెంట్రుకవాసి బిగుతుగా ఎక్కించిన కొద్ది చుట్ల స్ప్రింగు. స్ప్రింగు కొసలు రెండూ కొమ్ముల్లా బయటికి వంగి ఉంటాయి. గొలుసు లాగినప్పుడు దాని చక్రం ఒక కొమ్మును విప్పే దిశలో నెడుతుంది, స్ప్రింగు సడలి దిమ్మ మీద జారుతుంది. గుడ్డ బరువేమో అవే కొమ్ములను అవతలి పక్కనుంచి, బిగించే దిశలో నెడుతుంది. బరువు ఎంత లాగితే పట్టు అంత గట్టిపడుతుంది. రేవులో పడవ తాడును గుంజకు మూడు చుట్లు తిప్పి ఒంటిచేత్తో పడవను ఆపే సూత్రమే ఇది. ఘర్షణ గుణకం 0.2 అనుకుంటే ఒక్కో చుట్టుకు పట్టు సుమారు 3.5 రెట్లవుతుంది, మూడు చుట్లకు నలభై రెట్లు దాటుతుంది. ఆపవలసిన బరువు చేతే ఆపించుకోవడం! పైగా గాళ్లు లేవు కాబట్టి తెర ఎక్కడైనా ఆగుతుంది.

ఇదంతా గొట్టంలోనే ఇమడాలి. చిన్నదిగా చెయ్యాలని గొట్టాన్ని సన్నం చేస్తే ఏమవుతుందో లెక్కవేస్తే ఆశ్చర్యం కలుగుతుంది. 38 మిల్లీమీటర్ల గొట్టం మీద అర మిల్లీమీటరు గుడ్డ రెండు మీటర్లు చుడితే చుట్ట వ్యాసం 52 మిల్లీమీటర్లు. గొట్టాన్ని 28కి తగ్గించినా చుట్ట 45 దగ్గరే ఉంటుంది. పది మిల్లీమీటర్లు తగ్గిస్తే మిగిలేది ఏడే. గోడ మందం అంతే ఉంచితే వంపు మాత్రం రెండున్నర రెట్లు పెరుగుతుంది. గొట్టం మధ్యలో కుంగితే గుడ్డ మీద ముడతలు పడతాయి, అది ఎంత ఖరీదైన గుడ్డయినా సరే. కాబట్టి మంచి డిజైనరు గొట్టాన్ని కాక పక్కలను కత్తిరిస్తాడు. క్లచ్‌ను గొట్టంలోకి తోసి, బ్రాకెట్‌ను పలుచన చేసి, గుడ్డకూ కిటికీ చట్రానికీ మధ్య వెలుగు దూరే సందును తగ్గిస్తాడు. పడగ్గదిలో పొద్దున్నే ముఖం మీద ఎండ గీత పడేవాళ్లకి ఆ కొద్ది మిల్లీమీటర్ల విలువ తెలుసు.

గొలుసుకూ ఒక చీకటి కోణం ఉంది. కిటికీ తెరల తాళ్లు మెడకు చుట్టుకుని చిన్నపిల్లలు చనిపోయిన ఘటనల వల్ల, దుకాణాల్లో సిద్ధంగా అమ్మే తెరలకు చేతికందే పొడవాటి తాళ్లు ఉండకూడదని అమెరికాలో 2018 ప్రమాణం నిర్దేశించింది. దాంతో స్ప్రింగు మళ్లీ ముందుకొచ్చింది. ఈసారి వెంట సిలికాన్ నూనె నింపిన చిన్న డ్యాంపరును తెచ్చుకుంది. తెర ఇప్పుడు టపటపా ఎగరదు, నింపాదిగా లేస్తుంది.

మోటార్ల గురించి క్లుప్తంగా. ఆ రంగంలో పెద్ద పేరైన సోమ్‌ఫీ కంపెనీ ఫ్రాన్సు ఆల్ప్స్ ప్రాంతపు క్లూజ్ పట్టణానిది. 1848లోనే గడియారాల పని నేర్పే బడి పెట్టిన ఊరది. గొట్టంలో పట్టే మోటారూ, దాని పళ్లచక్రాలూ అలాంటి చోట తయారవడం వింతేమీ కాదు. అందులో నాకు నచ్చేది మోటారు తల దగ్గరి ఉంగరం. అది గొట్టంతో పాటు తిరుగుతూ చుట్లు లెక్కపెట్టి, తెర ఎక్కడ ఆగాలో చెబుతుంది. మిగతాది కరెంటు బలమే.

ఇన్ని చేసినా గుడ్డ ఒక్కోసారి చుట్టుకుంటూ ఒక పక్కకు జరిగిపోతుంది. బిగించేవాళ్లు ముందు బ్రాకెట్ల మట్టం చూస్తారు. అది సరిగానే ఉంటే గుడ్డను పూర్తిగా దింపి, ఏ వైపుకు జరపాలో ఆ వైపున గొట్టం మీద చిన్న టేపు ముక్క అంటిస్తారు. ఆ వైపు వ్యాసం వెంట్రుకవాసి పెరుగుతుంది, గుడ్డ లావైన వైపుకే నడుస్తుంది. చాలకపోతే ఇంకో ముక్క.