మాటలు లేని నవలలు

“బొమ్మకు భాష అక్కర్లేదు, చదువురానివాడికి కూడా అర్థమవుతుంది.” వుడ్‌కట్ కళ గురించి చర్చ వచ్చినప్పుడల్లా మన సభల్లో వినపడే మాట ఇది. ఒకప్పుడు నేనూ అన్నాను, ఒక వ్యాసంలో రాశాను కూడా. ఇప్పుడు ఆ మాటను వెనక్కి తీసుకోవలసి వస్తోంది. అందులో కొంత నిజం లేకపోలేదు. కాని ఆ కొద్ది నిజం చాటున ఒక భ్రమ వుంది. మాట తీసేస్తే చాలు, కళ దానంతట అదే ప్రజలకు చేరుతుందన్న భ్రమ.

మాటలు లేని నవలకు ఆద్యుడని చెప్పదగిన ఫ్రాన్స్ మాసరీల్ 1889లో బెల్జియంలో పుట్టాడు. మొదటి ప్రపంచయుద్ధ కాలంలో జెనీవాలో వుంటూ యుద్ధాన్ని వ్యతిరేకించే పత్రికలకు బొమ్మలు వేశాడు. దినపత్రిక బొమ్మ ఒక్క చూపుకు అందాలి. చెక్క కూడా అదే కోరుతుంది. తొలిచిన చోటు తెలుపు, వదిలిన చోటు నలుపు. ఒకసారి ఉలి దిగాక దిద్దుకోవడం కష్టం. ఈ క్రమశిక్షణతో ఆయన 1918లో 25 వుడ్‌కట్లతో ‘ఒక మనిషి యాతన’ను, 1919లో 167 వుడ్‌కట్లతో ‘నా ప్రార్థనా గ్రంథం’ను తెచ్చాడు. మొదట కొద్ది ప్రతులే వచ్చిన ఆ పుస్తకాలు, 1920లలో జర్మనీలో కుర్ట్ వోల్ఫ్ చౌక ముద్రణలు వేశాకే విస్తారంగా పాఠకుల్లోకి వెళ్లాయి.

‘ఒక మనిషి యాతన’ కథ చిన్నదే. బిడ్డను కన్న తల్లిని ఇంట్లోంచి తరిమేస్తారు. ఆ బిడ్డ వీధుల్లో పెరుగుతాడు. ఆకలికి రొట్టె దొంగిలించి జైలుకు పోతాడు. చాకిరి చేస్తాడు, చెడుసావాసాలు పడతాడు. తర్వాత పుస్తకం పడతాడు, తోటి కార్మికుల్లో కలుస్తాడు, వాళ్లకు ముందు నడుస్తాడు. చివరికి న్యాయస్థానం శిలువబొమ్మ ఎదుటనే అతనికి శిక్ష వేస్తుంది, తుపాకులు అతన్ని కూలుస్తాయి. ఇందులో ఉపన్యాసం వుంది, కాని మనకు వినపడదు. రొట్టెకూ జైలుకూ, పుస్తకానికీ సమ్మెకూ మధ్య వున్న కార్యకారణ సంబంధాన్ని పాఠకుడే కలుపుకోవాలి. రెండు బొమ్మల మధ్య ఆ అతుకు తప్పితే, దాన్ని కప్పిపుచ్చడానికి రచయిత దగ్గర ఒక్క నినాదం కూడా లేదు. ఈ ప్రక్రియ గొప్పతనం నాకు ఇక్కడే కనిపిస్తుంది. లోపమూ ఇక్కడే వుంది: నాయకుడికి ముఖం వుంది, అతని వెనక వున్నవాళ్లు గుంపుగానే మిగిలిపోయారు.

ఈ లోపాన్ని దాటడానికి ప్రయత్నించినవాడు అమెరికన్ చిత్రకారుడు లిండ్ వార్డ్. జర్మనీలో చదువుకునే రోజుల్లో మాసరీల్ పుస్తకం చూసి ఈ దారి పట్టాడు. 1929 అక్టోబరులో, వాల్‌స్ట్రీట్ కుప్పకూలిన రోజుల్లోనే, వచ్చిన ఆయన మొదటి నవల ‘గాడ్స్ మ్యాన్’ ఒక ఒంటరి కళాకారుడి కథ. 1937లో వచ్చిన ‘వెర్టిగో’ నాటికి దృష్టి పూర్తిగా మారింది. ఇందులో కథానాయకుడంటూ ఒక్కడు లేడు. ఒక అమ్మాయి, ఒక ముసలి యజమాని, ఒక కుర్రవాడు. శీర్షికలూ, బొమ్మల్లో కనపడే బోర్డులూ తప్ప మాటల్లేవు. అమ్మాయి కథ సంవత్సరాల లెక్కన, యజమాని కథ నెలల లెక్కన, కుర్రవాడి కథ రోజుల లెక్కన నడుస్తాయి. పని లేనివాడికి ఏ రోజుకారోజే ఒక గండం. ఆ సంగతి విడిగా చెప్పనక్కర్లేకుండా నిర్మాణమే చెబుతుంది. ముసలి యజమాని ప్రాణం నిలపడానికి ఎక్కించే రక్తం, పని దొరకని ఆ కుర్రవాడు అమ్ముకున్న రక్తమే. “శ్రామికుల రక్తం పీల్చడం” అనే పదబంధాన్ని మనం వాడి వాడి అరగదీశాం. వార్డ్ దాన్ని అలంకారంగా వదిలెయ్యక ఒక సంఘటనగా మార్చాడు. ఒకరినొకరు ఎరగని ఇద్దరి మధ్య వర్గసంబంధం కళ్లముందు నిలబడింది.

ఇక ‘అందరికీ అర్థమవుతుంది’ అన్న మాట సంగతి. దీనికి చైనా అనుభవం మంచి జవాబు. 1931 ఆగస్టులో లూసున్ షాంఘైలో 13 మంది యువకళాకారులకు ఆరు రోజుల వుడ్‌కట్ తరగతి పెట్టించాడు. జపాన్ ఉపాధ్యాయుడు పాఠం చెబితే తానే అనువదించాడు. బొమ్మల కథల్ని నాసిరకం సరుకుగా కొట్టిపారేసినవాళ్లకు 1932లో జవాబు రాశాడు. 1933లో ‘ఒక మనిషి యాతన’ షాంఘైలో అచ్చయినప్పుడు ముందుమాట రాస్తూ, వివరణ లేకున్నా చూడగానే తెలుస్తుందన్నాడు. అంటూనే బొమ్మల వరస సంఖ్యలు వేసి కథంతా విప్పి చెప్పాడు! తర్వాత యెనాన్‌లో కళాకారులు యూరపు పద్ధతిలో నీడలు పరిచిన బొమ్మలు చూపితే, మనుషుల మొహాలు సగం తెలుపు సగం నలుపు ఏమిటని రైతులు అడిగారు. గూ యువాన్ వంటివాళ్లు ఆ నీడలు తీసేసి, రైతులు కొత్త సంవత్సరానికి ఇంట్లో అంటించుకునే బొమ్మల తేటగీతను నేర్చుకున్నారు. అంటే చూపుకు కూడా చదువు వుంది. అది ఆయా ప్రజల అలవాటులోంచి వస్తుంది. మన చేర్యాల పటం కూడా మౌనంగా వుండదు. పక్కన నిలబడి కథ పాడేవాడు వుంటేనే అది నడుస్తుంది.

మాట అనవసరమనీ నేననను. 1943 బెంగాల్ కరువులో మిడ్నపూర్ తిరిగిన చిత్తప్రసాద్ బొమ్మలతో పాటు తాను చూసిందీ విన్నదీ రాశాడు. ఆ ‘హంగ్రీ బెంగాల్’ ప్రతుల్ని బ్రిటిష్ ప్రభుత్వం పట్టుకుని తగలబెట్టింది. ఆకలి రూపాన్ని బొమ్మ చూపగలదు. ఏ వూళ్లో, ఎవరికి, ఎవరివల్ల అన్నది మాటే చెప్పాలి.

కనక మాటల్లేని నవలను చదువురానివాళ్లకు కేటాయించి మనం పక్కకు తప్పుకోవడం సరికాదు. అది ముందుగా రచయితలు చదవవలసిన పుస్తకం. మన కథల్లో ఎన్నిటికి చివరి పేరాయే ఊతకర్రగా వుందో ఎవరికి వారే చూసుకోవాలి. నా మటుకు నేను చూసుకున్నాను. ఆ పేరా కొట్టేస్తే కూలిపోయే కథలే ఎక్కువ తేలాయి.