గద్దలనూ లెక్కపెట్టాలి

గోదావరిఖనిలో ఉంటూ పిట్టలు చూసే అలవాటుందంటే జనం నవ్వుతారు. ఓపెన్‌కాస్టు దుమ్ములో చూడటానికి ఏముంటాయంటారు. గద్దలుంటాయి. ఆదివారం కోడిమాంసం దుకాణాల మీద, గోదావరి ఒడ్డున, సింగరేణి క్వార్టర్ల పైన తిరుగుతూనే ఉంటాయి.

కొత్తగా బైనాక్యులర్ పట్టినవాళ్లకు నేను ముందు చెప్పేది తోక సంగతి. తోక కొస చీలి ఉంటే నల్లగద్ద. తోక పొట్టిగా ఉండి, వెడల్పాటి రెక్కల కొసల్లో ఈకలు వేళ్లలా విడివడి ఉంటే రాబందు. ఆ రెండోదాన్ని చూపించాలంటే మాత్రం కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లా బెజ్జూరు అడవిలోని పాలరాపు గుట్ట దాకా పోవాలి. అక్కడ పొడుగుముక్కు రాబందులున్న సంగతి 2013లో బయటికొచ్చింది.

ఏ జీవికి ఎంత ముప్పుందో చెప్పే ఐయూసీఎన్ జాబితాలో నల్లగద్దది ఆందోళన అక్కర్లేని వర్గం. పొడుగుముక్కు రాబందుది అంతరించే ముప్పు అత్యంత తీవ్రంగా ఉన్న వర్గం. రెండూ చచ్చిన జంతువు మీద వాలేవే. కానీ గద్ద ఎలుకనూ వదలదు, చేపనూ వదలదు, చెత్తకుప్పలో పేగులనూ వదలదు. ఒక విడతకు రెండు మూడు గుడ్లు పెడుతుంది. రాబందుకు కళేబరమే దిక్కు, ఏడాదికి ఒక్కటే గుడ్డు. పశువుల నొప్పులకు వేసిన డైక్లోఫెనాక్ ఆ మాంసంతోపాటు కడుపులోకి చేరి దాని మూత్రపిండాలను చెడగొట్టింది. రాబందుల చావులకు కారణం ఇదేనని 2004లో తేలింది. పశువులకు ఆ మందు వాడకాన్ని మన దేశం 2006లో నిషేధించింది. అప్పటికే ఆలస్యమైంది. 1992, 2007 మధ్య దేశంలో పొడుగుముక్కు, సన్నముక్కు రాబందులు కలిపి దాదాపు 97 శాతం తగ్గిపోయాయి.

ఈ శాతం మనకు తెలిసిందంటే పాత లెక్క ఒకటి ఉండబట్టే. 1990ల మొదట్లో బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ వాళ్లు రోడ్ల వెంట బండ్లలో తిరుగుతూ వేటపక్షులన్నిటినీ లెక్కపెట్టారు. రాబందులు గుంపులుగా కనిపించే రోజులవి. అయినా వదలకుండా రాసుకున్నారు. 2000లో అవే దారుల్లో మళ్లీ తిరిగితే ఎంత నష్టం జరిగిందో బయటపడింది.

అందుకే నా నోటుబుక్కులో అరుదైన పిట్టల కంటే గద్దల పద్దే పెద్దది. తేదీ, చోటు, ఎన్ని కనిపించాయి, అంతే. ‘గద్దే కదా’ అని దాటేస్తే, రేపు అది తగ్గినా తగ్గిందని చెప్పడానికి ఆధారముండదు. జాబితాలో వర్గం ఇప్పటి పరిస్థితిని బట్టి వేసిందే, పరిస్థితి మారితే వర్గమూ మారుతుంది.

ఈ వారం డాబా ఎక్కినప్పుడు గద్దలెన్నో లెక్కపెట్టి తేదీ వేసి రాసిపెట్టండి. ఇంట్లో పశువులుంటే, నొప్పి సూది వేయించేటప్పుడు మెలాక్సికామ్ వేయమని డాక్టరును అడగండి. రాబందులకు దానితో హాని లేదని పరీక్షల్లో తేలింది.