తప్పు తూటాది కాకూడదు

25 మీటర్ల పిస్టల్ పోటీలో నిదానంగా కాల్చే దశ ఒకటి ఉంటుంది. ఆ దశలో లక్ష్యం నడుమనున్న పది పాయింట్ల వలయం వ్యాసం 50 మిల్లీమీటర్లు. పిస్టల్ మీద ముందు గురికీ వెనక గురికీ మధ్య దూరం 220 మిల్లీమీటర్లు దాటకూడదు. ఈ రెండు అంకెలతో లెక్క కడితే ఆట ఎంత కఠినమో అర్థమవుతుంది. ట్రిగ్గర్ నొక్కే క్షణంలో ముందు గురి అర మిల్లీమీటరు పక్కకు జరిగిందనుకుందాం. లక్ష్యం దగ్గరికి వెళ్లేసరికి ఆ తేడా 57 మిల్లీమీటర్లు అవుతుంది. పది రాదు, తొమ్మిదీ రాదు, ఎనిమిదితో సరిపెట్టుకోవాలి.

ఎనిమిది పడగానే షూటర్ ముందు ముగ్గురు ముద్దాయిలు నిలబడతారు: చెయ్యి, తుపాకీ, తూటా. తప్పు ఎవరిదో తేలకపోతే రేపటి సాధనలో ఏం దిద్దుకోవాలో తెలియదు. తూటా మీద అనుమానం మిగిలి ఉన్నంతకాలం చెయ్యి తన తప్పు ఒప్పుకోదు. అందుకే అనుభవం ఉన్నవాళ్లు అన్నిటికన్నా ముందు తూటాను ఆ వరుసలోంచి తప్పిస్తారు. తూటాను సొంత చేతులతో నింపుకోవడం, పరీక్షించి ఎంచుకోవడం, ఒక్కొక్కటిగా ఏరుకోవడం అనే మూడు అలవాట్లూ ఈ అవసరంలోంచే వచ్చాయి.

ఈ మాటలకు మన హైదరాబాద్‌లో చోటుంది. ఐటీ కంపెనీల సైబర్ టవర్స్ భవనం 1998 నవంబరులో ప్రారంభమైంది. 2002 డిసెంబరులో జాతీయ క్రీడలు ఈ నగరానికి వచ్చాయి. ఆ కాలంలోనే గచ్చిబౌలి వైపు అద్దాల మేడలూ క్రీడా మైదానాలూ పక్కపక్కనే లేచాయి. 2003 అక్టోబరులో ఆఫ్రో ఏషియన్ క్రీడల షూటింగ్ పోటీలు హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయం ఆవరణలోని రేంజ్‌లో జరిగాయి. ఈ నగరంలోనే పెరిగిన గగన్ నారంగ్ అక్కడ 10 మీటర్ల ఎయిర్ రైఫిల్‌లో స్వర్ణం గెలిచాడు. 2012 లండన్ ఒలింపిక్స్‌లో అదే ఈవెంట్‌లో కాంస్యం తెచ్చాడు. తర్వాతి తరంలో హైదరాబాద్ అమ్మాయి ఈషా సింగ్ 2018లో, 13 ఏళ్ల వయసులో, ఎయిర్ పిస్టల్ జాతీయ విజేత అయింది. 2023లో హాంగ్‌ఝౌలో జరిగిన ఆసియా క్రీడల్లో నాలుగు పతకాలు గెలిచింది. వాటిలో 25 మీటర్ల పిస్టల్ జట్టు స్వర్ణమూ, వ్యక్తిగత రజతమూ ఉన్నాయి. ఆమె చేతిలోని ఆ 25 మీటర్ల పిస్టల్ .22 కాలిబర్‌ది, అంటే 5.6 మిల్లీమీటర్ల తూటాది.

తూటా నింపుకోవడం నిజానికి తుపాకీ అంత పాతది. లోహపు కార్ట్రిడ్జ్ రాకముందు తుపాకీ పట్టినవారిలో చాలామంది మందు కొలిచి, గుండు పెట్టి, గజంతో దట్టించుకున్నవారే. మందు, గుండు, నిప్పురవ్వ పుట్టించే ప్రైమర్ మూడూ ఒకే ఇత్తడి కేసులో ఇమిడాక ఆ పని కర్మాగారానికి మారింది. అయినా కాల్చాక ఇత్తడి కేసు మిగులుతుంది. కేసు అడుగున నడిమధ్య ప్రైమర్ ఉండే సెంటర్ ఫైర్ తూటాల్లో పాత ప్రైమర్ తీసి కొత్తది అమర్చవచ్చు. అలా కేసును మళ్లీ మళ్లీ వాడుకునే సంప్రదాయం అమెరికా, ఐరోపా షూటింగ్ క్లబ్బుల్లో గట్టిగా పాతుకుపోయింది. డబ్బు ఆదా ఒక కారణమైతే, తన పిస్టల్ గొట్టానికి ఏది నప్పుతుందో అదే తయారు చేసుకోవాలన్న పట్టుదల రెండో కారణం.

ఇలా నింపుకోదగిన చిన్న సెంటర్ ఫైర్ తూటాల్లో, జేబులో పట్టే చిన్న పిస్టళ్ల కోసం జాన్ బ్రౌనింగ్ రూపొందించిన .32 ఏసీపీ తూటా 1899లో, .25 ఏసీపీ 1905లో వచ్చాయి. పోటీల్లో సెంటర్ ఫైర్ పిస్టల్ కాల్చేవారికి ఎక్కువగా ఇష్టమైంది 1896 నాటి .32 ఎస్ అండ్ డబ్ల్యూ లాంగ్. దాని పోటీ రకంలో సీసపు గుండు ముక్కు బల్లపరుపుగా ఉంటుంది, కేసు అంచుకు సమానంగా లోపలికి దిగి ఉంటుంది. కాగితం మీద చిరుగులు లేని గుండ్రని రంధ్రం పడుతుంది కాబట్టి పాయింట్ల విషయంలో తగాదా రాదు. 2006 దోహా ఆసియా క్రీడల్లో భారత షూటర్ జస్పాల్ రాణా 600కు 590 సాధించి ప్రపంచ రికార్డును సమం చేసింది ఈ సెంటర్ ఫైర్ పిస్టల్ విభాగంలోనే.

చిన్న కాలిబర్‌లో నింపడం పెద్ద తూటాల కన్నా కష్టం. ఇక్కడ బరువులు గ్రెయిన్లలో లెక్కిస్తారు. ఒక గ్రెయిన్ సుమారు 65 మిల్లీగ్రాములు. మన కంసాలి తక్కెడలో ఒకప్పుడు బంగారానికి ఎదురు తూగిన గురివింద గింజ రెండు గ్రెయిన్లకు కాస్త తక్కువ. పెద్ద రైఫిల్ కేసులో పదో వంతు గ్రెయిన్ తేడా వస్తే లెక్కలోకి రాకపోవచ్చు. చిటికెడు మందు కూడా పట్టని చిన్న కేసులో అదే తేడా మొత్తంలో పెద్ద భాగమవుతుంది, గుండు వేగాన్ని మార్చేస్తుంది. అందుకే చిన్న తూటా నింపేవారి బల్ల మీద తక్కెడకే పెద్దపీట.

పని వరుస చెప్పడానికి సులువు. ఖాళీ కేసులు ఏరి, పగుళ్లు చూసి, శుభ్రం చేస్తారు. కాల్చినప్పుడు ఉబ్బిన కేసును అచ్చులో నొక్కి అసలు కొలతకు తెస్తారు. ప్రైమర్ మార్చి, మందు తూచి, గుండు కూర్చి, అంచు బిగించి, చివరకు గేజ్‌లో సరిచూస్తారు. కష్టమంతా క్రమశిక్షణలో ఉంది. బల్ల మీద ఒక్క రకం మందు డబ్బా మాత్రమే ఉంటుంది. ప్రచురిత పట్టికలోని గరిష్ఠ పరిమితిని ఎన్నడూ దాటరు. ఒకసారికి ఒక్క మార్పే చేస్తారు, ప్రతి పెట్టె మీదా తేదీ, వివరం రాస్తారు. పరధ్యానంలో ఒకే కేసులో రెండుసార్లు మందు పడితే తుపాకీ పగిలిపోతుంది. అసలు పడకపోతే గుండు గొట్టం మధ్యలో ఇరుక్కుంటుంది, ఆ తర్వాతి తూటా ప్రాణం మీదికి తెస్తుంది. అందుకే జర్మనీలో ఈ పని చేయదలచినవారు శిక్షణ పొంది, పరీక్ష రాసి, ప్రభుత్వ అనుమతి తీసుకోవాలి.

మన దేశంలో దారి ఇంకా ఇరుకు, అలా ఉండటానికి కారణాలున్నాయి. 1959 ఆయుధాల చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా తూటా తయారు చేయకూడదు. 2019 సవరణ తర్వాత ఈ నేరానికి శిక్ష 7 ఏళ్లకు తగ్గదు, యావజ్జీవం దాకా వెళ్లవచ్చు. పిస్టల్ ఉంచుకునే లైసెన్సు ఉన్నంత మాత్రాన తూటా చేసుకునే హక్కు రాదు. ఇంట్లో మందుగుండు పెట్టుకుని ప్రయోగాలు చేయాలన్న ఆలోచన అపార్ట్‌మెంట్లు కిక్కిరిసిన మాదాపూర్, కొండాపూర్‌లలో చట్టం సంగతి పక్కనపెట్టినా తలపెట్టకూడనిదే. ఈ సంప్రదాయం నుంచి మనం తెచ్చుకోవాల్సింది దాని పనిముట్లను కాదు, దాని చూపును. ఆ చూపు మన రేంజ్‌లలో చట్టబద్ధంగా బతికే మార్గాలు రెండున్నాయి.

మొదటిది .22 తూటాను లాట్, అంటే ఒకే విడతలో తయారైన సరుకు, చూసి ఎంచుకోవడం. .22 లాంగ్ రైఫిల్ తూటాను ఏ దేశంలోనూ మామూలుగా తిరిగి నింపరు. దీనికి విడిగా ప్రైమర్ ఉండదు. పేలే రసాయనం కేసు అడుగు అంచు మడతలోనే పూసి ఉంటుంది. సూది ఆ అంచును నలగ్గొడితేనే తూటా పేలుతుంది, దాంతో కేసు ఆయుష్షు తీరిపోతుంది. కాబట్టి షూటర్ చేతిలో ఉన్నది ఎంపిక ఒక్కటే. ఇంగ్లండ్‌కు చెందిన ఎలీ, జర్మనీకి చెందిన ఆర్‌డబ్ల్యూఎస్, ఫిన్లండ్‌లో పుట్టిన లపువా వంటి కంపెనీలు ఒకే పేరుతో అమ్మే తూటాల్లోనూ ఒక లాట్‌కూ మరో లాట్‌కూ తేడా ఉంటుంది. ఒక గొట్టంలో చక్కగా కుదిరిన లాట్ పక్కవాడి గొట్టంలో చెదిరిపోవచ్చు. అందుకే షూటర్లు తమ తుపాకీ తీసుకెళ్లి లాట్లను పోల్చుకునే పరీక్షా కేంద్రాలను ఎలీ, లపువా నడుపుతున్నాయి.

ఈ పరీక్షలో కొన్ని సూత్రాలు ఎక్కడైనా ఒకటే. మనిషి వణుకు కలవకుండా పిస్టల్‌ను గట్టి బిగింపులో పెట్టాలి. లాట్ మారినప్పుడు గొట్టంలో పాత తూటా మైనపు పూత మిగిలి ఉంటుంది కాబట్టి కొత్త లాట్‌తో ముందు కొన్ని తూటాలు లెక్కలోకి తీసుకోకుండా కాల్చాలి. ఆ తర్వాత పదేసి తూటాల గుంపులు కొన్ని కాల్చి, ప్రతి గుంపులో అన్నిటికన్నా దూరంగా పడిన రెండు రంధ్రాల మధ్య దూరం కొలవాలి. ఇక్కడే చాలామంది మోసపోతారు. అయిదు తూటాలు ఒకే రంధ్రంలో పడ్డాయని మురిసి ఆ లాట్ పెట్టెలు కొనేస్తారు. అయిదు తూటాల గుంపు అదృష్టవశాత్తూ కూడా బిగుతుగా రాగలదు. ఒక లాట్‌ను నమ్మాలంటే దాని చక్కని గుంపును కాక, చెడ్డ గుంపు ఎంత చెడ్డగా ఉందో చూడాలి. పోటీలో ఓడించేది ఆ చెడ్డ గుంపులోంచి వచ్చే ఒక్క తూటాయే.

హైదరాబాద్‌లో దీనికి ఎండ కూడా తోడవుతుంది. మే నెలలో నిలిపి ఉంచిన కారులో తూటాల పెట్టె వదిలేస్తే గుండు మీది మైనపు పూత మెత్తబడుతుంది, వేడెక్కిన మందు వేరే వేగంతో మండుతుంది. చల్లని గదిలో పరీక్షించిన లాట్‌కూ ఆ పెట్టెకూ పోలిక ఉండదు. పరీక్ష ఎలాంటి వాతావరణంలో చేశామో పుస్తకంలో రాసుకోవాలి, పోటీకి తూటాలను నీడలోనే తీసుకెళ్లాలి.

రెండో మార్గం ఎయిర్ పిస్టల్ పెల్లెట్లను ఏరుకోవడం. ఐటీ కారిడార్ కుటుంబాల పిల్లలకు షూటింగ్‌లో తొలి మెట్టు ఎయిర్ పిస్టలే. 10 మీటర్ల ఎయిర్ పిస్టల్ లక్ష్యంలో పది వలయం వ్యాసం 11.5 మిల్లీమీటర్లు, పెల్లెట్ 4.5 మిల్లీమీటర్లు. పెల్లెట్ తల కొలత 4.49, 4.50 అంటూ డబ్బా మీద ముద్రిస్తారు. తమ గొట్టానికి ఏ కొలత నప్పుతుందో బిగింపులో పెట్టి తేల్చుకోవచ్చు. మెత్తని సీసం కావడంతో డబ్బా కుదుపులకు పెల్లెట్ వెనక అంచు సొట్టపోతుంది. చదునైన గాజుపలక మీద దొర్లించి చూస్తే సొట్ట ఉన్నది అడ్డదిడ్డంగా తిరుగుతుంది. పని పూర్తయ్యాక సబ్బుతో చేతులు కడుక్కోవడం కూడా పిల్లలకు పాఠంలో భాగం కావాలి, సీసం ఒంట్లోకి పోకూడదు.

ఇంత శ్రమ దేనికని ఎవరైనా అడగవచ్చు. కొత్తగా నేర్చుకునేవారి చెయ్యి తెచ్చే తప్పు ముందు పెల్లెట్ తేడా చాలా చిన్నది. మొదటి పేరాలోని లెక్క చెబుతున్నదీ అదే. అర మిల్లీమీటరు గురి తప్పు చేసేంత నష్టాన్ని మంచి కంపెనీ తూటా మామూలుగా చేయదు. గంటల తరబడి పెల్లెట్లు తూచే పిల్లవాడు ఆ గంటలు ఖాళీ పిస్టల్‌తో ట్రిగ్గర్ నొక్కడం సాధన చేస్తే ఎక్కువ బాగుపడతాడు. కాబట్టి తూటా పనిని దాని హద్దులో ఉంచాలి: ఒకసారి శ్రద్ధగా పరీక్షించి, ఎంచుకుని, రాసిపెట్టి, ఆ తర్వాత దాని ఊసు మరచిపోవాలి. మరచిపోగలగడమే దాని ఫలితం. ఆ తర్వాత ఎనిమిది పడితే షూటర్ తూటాల పెట్టె వైపు చూడడు, తన మణికట్టునూ శ్వాసనూ చూపునూ పరిశీలించుకుంటాడు. సాధన మొదలయ్యేది అక్కడి నుంచే.

నా దృష్టిలో ఈ సంప్రదాయం విలువ ఈ నిజాయితీలోనే ఉంది. సాకులన్నీ ఒక్కొక్కటిగా తీసేసి, మిగిలిన తప్పును తనదిగా ఒప్పుకునే ధైర్యాన్ని అది నేర్పుతుంది. ఈ అవకాశం విదేశీ పరీక్షా కేంద్రానికి వెళ్లగల కొద్దిమందికే దక్కకూడదు. ప్రతి రేంజ్‌లో ఒక గట్టి బిగింపు బల్ల, ఒక కొలత పరికరం, ఏ లాట్ ఏ గొట్టంలో ఎలా పడిందో అందరూ రాసే ఉమ్మడి పుస్తకం ఉండాలి. దీనికి పెద్ద ఖర్చు అక్కర్లేదు. ఈషా సింగ్‌ను చూసి పిస్టల్ పట్టే గచ్చిబౌలి పిల్లలకు పతకాల కథలతో పాటు ఈ పుస్తకాన్ని కూడా చేతిలో పెట్టాలి. గెలుపోటములకు కారణం ఎక్కడుందో వాళ్లే వెతుక్కోగలుగుతారు.