ఫోము, గాజునార గుడ్డ, రెజిన్: లాంగ్-ఈజీ రెక్క

విమానం రెక్క అనగానే పెద్ద పెద్ద అచ్చులు, కర్మాగారాలు గుర్తొస్తాయి. అమెరికాలోని మొహావీలో బర్ట్ రూటన్ రూపొందించిన లాంగ్-ఈజీకి అచ్చే అక్కర్లేదు. 1979లో తొలిసారి ఎగిరిన ఈ రెండు సీట్ల విమానాన్ని ప్లాన్లు కొనుక్కుని ఎందరో తమ ఇళ్ల గ్యారేజీల్లోనే కట్టుకున్నారు. అందులో నన్ను కట్టిపడేసేది రెక్క పని.

ముందు నీలం రంగు ఫోము దిమ్మకు రెండు చివర్లా రెక్క ఆకారంలో కోసిన టెంప్లేట్లు బిగిస్తారు. వాటి అంచుల వెంట అంకెలు వేసి ఉంటాయి. కరెంటుతో వేడెక్కిన తీగను ఇద్దరు చెరో చివరా పట్టుకుని ఆ అంచుల మీదుగా లాగుతారు. రెక్క మొదట్లో వెడల్పు, కొసన సన్నం. కాబట్టి ఇద్దరి చేతులూ ఒకే వేగంతో కదలకూడదు. ఒకరు అంకె పైకి చెబుతుంటే, రెండోవారు సరిగ్గా అదే క్షణంలో తన వైపు అదే అంకెను చేరాలి. ఎక్కడైనా తీగ ఆగిందా, అక్కడ ఫోము కరిగి గుంట పడుతుంది. ఇంత ఖచ్చితత్వం ఖరీదైన యంత్రం లేకుండా, ఇద్దరి మధ్య మాటతో సాధించడం రూటన్ గొప్పతనం.

ఆ ఫోము మీద గాజునార గుడ్డ పరిచి ఎపాక్సీ రెజిన్‌తో తడుపుతారు. నార ఎటు నడిస్తే బలం అటే. సిరోంచ, ఆలాపల్లి టేకు మీద ఉలి పెట్టిన వడ్రంగికి ఈ సంగతి వేరే చెప్పక్కర్లేదు. తేడా ఏమిటంటే, చెట్టు తన నారను తానే పేర్చుకుంటుంది, ఇక్కడ మనిషి పేర్చాలి. రెక్క వంగకుండా కొన్ని పొరల నార పొడవునా, మెలిపడకుండా మరికొన్ని 45 డిగ్రీల ఏటవాలుగా. రెజిన్ చాలకపోతే గుడ్డ తెల్లగా పొడిపొడిగా కనిపిస్తుంది, సరిపోతే కిందున్న ఫోము రంగు తేటగా తేలుతుంది. ఎక్కువైతే బలం పెరగదు, బరువే పెరుగుతుంది. రబ్బరు పలకతో ఆ మిగులును తోసెయ్యడంలోనే అసలు పనితనం ఉంది. ఎంత పోయాలో చాలామంది నేర్చుకుంటారు, ఎంత తీసెయ్యాలో చెయ్యి తిరిగినవారికే తెలుస్తుంది. అంతా గట్టిపడ్డాక నాణెంతో తట్టుకుంటూ వెళ్తారు. బోలుగా మోగిన చోట పొర ఫోమును అంటుకోలేదన్నమాట.

రూపకల్పన కూడా అంతే శ్రద్ధగా జరిగింది. లాంగ్-ఈజీకి ముక్కు దగ్గర మరో చిన్న రెక్క ఉంటుంది. విమానం వేగం బాగా తగ్గినప్పుడు అది పెద్ద రెక్క కంటే ముందే గాలిలో పట్టు వదులుతుంది. దాంతో ముక్కు దానంతటదే కిందికి దిగి, పెద్ద రెక్క పట్టు నిలుస్తుంది.

ఈ పని మన దగ్గరికీ వచ్చింది. 1980ల్లో బెంగళూరులోని విమాన పరిశోధన సంస్థ ఎన్‌ఏఎల్‌లో ప్రొఫెసర్ రుస్తుం దమానియా బృందం లాంగ్-ఈజీ ఆధారంగా ఒక తేలికపాటి పరిశోధన విమానం తయారుచేసింది. ఆ సంస్థ తర్వాత తెచ్చిన హంస కూడా ఇలా నార, రెజిన్ కలిపి చేసే కాంపోజిట్ విమానమే. దమానియా బృందం పని ఆధారంగానే రక్షణ పరిశోధన సంస్థ డీఆర్‌డీఓ పైలట్ లేని విమానం ఒకటి రూపొందించింది. 2010 అక్టోబరులో హోసూరు దగ్గర విజయవంతంగా ఎగిరిన ఆ విమానానికి ఆయన పేరే పెట్టారు: రుస్తుం-1.