వంశమా, విశ్వాసమా? : చైనా హుయీలపై ఒక గ్రంథం

చైనా ప్రభుత్వం గుర్తించిన 56 జాతులలో పదింటిని ముస్లిం జాతులుగా పరిగణిస్తారు. ఉయ్‌గూర్లకు, కజఖులకు, సలార్లకు సొంత భాషలున్నాయి. హుయీలలో అత్యధికులకు చైనా భాషే మాతృభాష. వారు దేశమంతటా చెదిరి ఉన్నారు. జాతికి ఉమ్మడి భాష, భూభాగం ఉండాలన్న స్టాలిన్ నిర్వచనాన్ని ఆధారం చేసుకొన్న ప్రభుత్వం వీరిని జాతిగా ఎట్లు లెక్కించింది? అమెరికన్ మానవశాస్త్రవేత్త డ్రూ గ్లాడ్నీ 1991లో వెలువరించిన ‘ముస్లిం చైనీస్’ గ్రంథానికి ఈ ప్రశ్నే మూలం.

1949కి పూర్వం ‘హుయీ’ అనగా ముస్లిం అనే అర్థమే వాడుకలో ఉండేది. ఇస్లాంను ‘హుయీల మతం’ అనేవారు. (తెలుగులో ఒక జాతిపేరు ‘తురక’యై ముస్లిములందరికీ చెల్లినట్లే.) కొత్త ప్రభుత్వం మతనామాన్ని తిరిగి జాతినామం చేసింది. గ్రంథకర్త దీనిని చక్కగా నిరూపించారు.

ఆయన చూపిన రెండు ఊళ్ళు మరువరానివి. నింగ్‌షియాలోని నాజియాహు గ్రామంలో జీవితం మసీదు చుట్టూ తిరుగుతుంది. అక్కడి ‘నా’ కుటుంబాలు తమ మూలపురుషుడు యునాన్ పాలకుడు సయ్యద్ అజల్ కుమారుడైన నాసిరుద్దీన్ అని చెప్పుకొంటాయి. ఫుజియాన్ తీరాన చెన్‌దాయ్‌లోని ‘దింగ్’ కుటుంబాలదీ సయ్యద్ అజల్ వంశమేనట. కాని వారిలో నమాజు దాదాపు లేదు, పందిమాంసం తింటారు. అయినా 1979లో హుయీలుగా గుర్తింపు పొందారు. గుర్తింపు వెంట రాయితీలూ వచ్చాయి. అయితే రాయితీలే కారణమనుట తొందరపాటు. పితరులకు పెట్టే నైవేద్యంలో మాత్రం వారు పందిమాంసం పెట్టరు. ఈ జ్ఞాపకం ఏ రాయితీకన్నా పాతది.

లోపం ఇక్కడే ఉన్నది. గ్రంథకర్త ఈ రెండింటినీ హుయీతనపు రెండు రూపాలుగా పక్కపక్కన నిలిపి తీర్పుకు దూరంగా ఉన్నారు. మానవశాస్త్రానికి అది ధర్మమే కావచ్చు. కాని ఇస్లాం జ్ఞాపకం వేరు, ఇస్లాం వేరు. కలిమా చదివిన హాన్ చైనీయుడు ప్రభుత్వ రిజిస్టరులో హానుగానే మిగులుతాడు. నమాజు విడిచిన దింగ్ హుయీ అవుతాడు. వంశాన్ని కేంద్రం చేసుకొన్న ఈ చర్చలో మొదటివాడికి దక్కే చోటు బహు స్వల్పం.

2018 ఆగస్టులో నింగ్‌షియాలోని వేయ్‌జౌ పెద్ద మసీదును అనుమతులు లేవని కూల్చబోగా వందలాది హుయీలు దాని ముందు గుమిగూడారు. మసీదు నిలిచింది గాని తర్వాత గుమ్మటాలు పోయాయి. రిజిస్టరులో వారి జాతి పేరు మాత్రం చెక్కుచెదరలేదు.